ఒంట్లో బాగున్నా మాత్ర వేసుకోవాల్సిందేనా?

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అందరూ సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి మందు వాడుతూ బతుకుతున్నవాళ్లు తమ అనుమానాలు రాసి పంపమని పోయిన సంచికలో అడిగాం. కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. జవాబులు రాసే పని సంపాదకులు నాకు అప్పగించారు. నేను అనంతపురంలో ప్రభుత్వ బాలికల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. 2006 నుంచి ఇదే జబ్బుకు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. నేను డాక్టర్ని కాను. అందుకే ఇందులోని వైద్యం సంగతులన్నీ నన్ను చూసే డాక్టరు గారికి చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే పంపాను. అయినా మీ మందు మార్చాలన్నా, డోసు తగ్గించాలన్నా మీ డాక్టరే చెప్పాలి. రాసినవాళ్ల పేర్లు తీసేశాం.

మేడమ్, నాకు నలభై రెండేళ్లు. గార్లదిన్నె దగ్గర చీనీ తోట ఉంది. నిరుడు కడుపులో ఎడమ పక్క బరువుగా ఉందని చూపించుకుంటే బల్ల, అంటే ప్లీహం పెరిగిందన్నారు. తెల్లకణాలు లక్షా ఎనభై వేలు ఉన్నాయి. ఇమాటినిబ్ 400 రాశారు. మూడు నెలలకే కౌంట్ నార్మల్‌కు వచ్చింది. ఇప్పుడు తోట పనంతా నేనే చేసుకుంటున్నా. ఒంట్లో ఏమీ లేనప్పుడు రోజూ అంత ఘాటు మందు ఎందుకని రోజు విడిచి రోజు వేసుకుంటున్నా. ఇట్లా చేయొచ్చా? చీనీ పండ్లు తినకూడదని ఒకాయన చెప్పినాడు, నిజమేనా?

తమ్ముడూ, ముందు ఈ రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకోండి. రేపూ వేసుకోండి, ఎల్లుండీ వేసుకోండి. ఇన్నాళ్లూ రోజు విడిచి రోజు వేసుకున్న సంగతి డాక్టరు గారికి దాచకుండా చెప్పి, రక్తంలో జబ్బు ఆనవాలు ఎంత మిగిలిందో శాతంలో కొలిచే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష చేయించుకోండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

మీకు ఒంట్లో ఏమీ లేదనిపిస్తోందంటే అది ఆ మాత్ర చలవే. మన జబ్బు ఎముక మజ్జలో ఒకే ఒక్క కణంలో మొదలవుతుంది. ఆ కణంలో 9వ క్రోమోజోము కొస, 22వ క్రోమోజోము కొస తెగి, ఒకదాని చోట ఒకటి అతుక్కుంటాయి. అట్లా పొట్టిగా మారిన 22వ క్రోమోజోమును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు గుర్తించారు. అందుకే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అని పేరు. ముక్కలు తారుమారయ్యాయని 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ తేల్చారు. ఏటా తొమ్మిదో నెల ఇరవై రెండో తేదీన, అంటే సెప్టెంబరు 22న ప్రపంచ సీఎంఎల్ దినం జరిపేది ఈ రెండు అంకెల వల్లే. ఆ అతుకు దగ్గర పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు ఒక చెడ్డ ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. స్టార్టరు ఇరుక్కుపోయిన బోరు మోటారు మాదిరి అది ఆగకుండా ఆడుతూ తెల్లకణాలను పుట్టిస్తూనే ఉంటుంది. ఇమాటినిబ్ పోయి ఆ ప్రోటీన్‌కు శక్తి అందే చోటే కూర్చుని దాన్ని ఆపుతుంది. ఒంట్లో మందు సరిపడా ఉన్నంతసేపే అది ఆగి ఉంటుంది. మందు అరకొరగా తగిలితే, దానికి లొంగని కణాలు మిగిలి పెరిగే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంకా ఖరీదైన, ఇబ్బందులు వేరే రకంగా ఉండే మందులకు పోవాల్సి వస్తుంది.

లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 87 మంది రోగులకు ఇచ్చిన మాత్రల సీసా మూతల్లో, మూత తీసినప్పుడల్లా నమోదయ్యే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం పెట్టి మూడు నెలలు చూశారు. వేసుకోవాల్సిన మాత్రల్లో 90 శాతం కూడా వేసుకోనివాళ్లలో జబ్బు బాగా అణిగినవాళ్లు చాలా కొద్దిమంది. 80 శాతం లోపు వేసుకున్నవాళ్లలో ఒక్కరు కూడా లేరు. 90 శాతం అంటే నెలకు మూడు మాత్రలు మానడం. మీరు నెలకు పదిహేను మానుతున్నారు. మిమ్మల్ని భయపెట్టాలని ఇది రాయడం లేదు. తమకు బాగైందనుకుని మానేసినవాళ్లను ఆసుపత్రి వరండాలో ఎక్కువగా చూశాను. కడుపులో తిప్పి, కాళ్లు పీకి, బాధపడి మానేసినవాళ్లు అంతకంటే తక్కువే. 2001లో ఈ మందుకు అమెరికాలో అనుమతి రాకముందు, మజ్జ మార్పిడి కుదరనివాళ్లు మూడు నుంచి ఐదేళ్లు బతికితే గొప్ప. ఇప్పుడు మందుకు బాగా లొంగినవాళ్లు మిగతా జనంతో దాదాపు సమానంగా బతుకుతున్నారు. ఆ రెండింటికీ మధ్య ఉన్నది రోజుకొక మాత్ర.

మా వంటింటి తలుపు పక్కన గోడకు తిథులూ వర్జ్యాలూ వేసిన పెద్ద క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. రాత్రి భోజనం చేసి, మాత్ర వేసుకుని, పెద్ద గ్లాసు నిండా నీళ్లు తాగాక, పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో ఆనాటి గడి మూలన చిన్న టిక్కు పెడతాను. ఏకాదశి అన్న అక్షరాల కింద, పాలు రాని రోజుకు మావారు చుట్టిన సున్నా పక్కన ఆ టిక్కు ఉంటుంది. వేసుకున్నానా లేదా అని పడుకున్నాక అనుమానం వస్తే లేచి చూసుకుంటే సరి. మీరూ ఇట్లాంటిదేదో పెట్టుకోండి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఏదైనా తిని వేసుకోండి. మరుసటి మాత్ర వేళ దగ్గర పడితే పోయింది పోనీయండి, రెండూ కలిపి మాత్రం మింగొద్దు.

చీనీ పండ్లు హాయిగా తినండి, సొంత తోట పెట్టుకుని అవి మానుకోవడమేంటి! మనం తినకూడనివి పంపరపనస, దాని జాతిదే అయిన గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు). వాటిలోని పదార్థాలు మందు పేగుల్లో విరిగిపోకుండా అడ్డుపడి, రక్తంలో దాని మోతాదు పెంచుతాయి. ఆయన చెప్పింది పంపరపనస గురించి అయి ఉంటుంది. దీనికి తిరగబడి పనిచేసే మందులూ ఉన్నాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ మన మందు బలాన్ని తగ్గించేస్తాయి. ఏ జబ్బుకు ఎవరి దగ్గరకు పోయినా ముందు ఇమాటినిబ్ వాడుతున్నానని చెప్పండి. పసరు మందులు పోసేవాళ్ల దగ్గరకు మాత్రం పోవద్దు. ఇంకొకటి, మాత్రలు తోటలో రేకుల షెడ్డులో పెట్టొద్దు. మే నెల ఎండకు ఆ షెడ్డు ఎట్లా కాలుతుందో మీకే తెలుసు. ఇంట్లో నీడపట్టున, తడి తగలని చోట పెట్టుకుంటే చాలు.

నాకు అరవై ఒకటి. ప్రొద్దుటూరు మాది. కోడలు మంచిదే. కానీ ఎవరో చెప్పారని నా కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. మనవడిని నా పక్కలో పడుకోనివ్వడం లేదు. ఇది అంటుకునే జబ్బా?

అంటుకోదు అక్కా. ఒకే కంచంలో తిన్నా అంటదు, పక్కలో పడుకోబెట్టుకున్నా అంటదు, ముద్దు పెట్టుకున్నా అంటదు. వంశంలోనూ దిగదు. ఆ క్రోమోజోముల తారుమారు మనం పుట్టాక మజ్జలోని కణంలో జరిగింది. అమ్మానాన్నల నుంచి రాలేదు, మన బిడ్డలకు పోదు. కోడలి మీద కోపం పెట్టుకోకండి. చిన్నపిల్లాడి తల్లి, క్యాన్సర్ అన్న మాటకే హడలిపోయి ఉంటుంది. ఈసారి చెకప్‌కు కొడుకును కాకుండా కోడలినే తోడు తీసుకెళ్లి, డాక్టరు గారి ముందు ఈ ప్రశ్న ఆ పిల్ల చేతే అడిగించండి. ఇంటికొచ్చాక మనవడు మీ పక్కలోకి వస్తాడు. మాత్రల సీసా మాత్రం వాడి చేతికి అందని ఎత్తులో పెట్టండి.

టీచర్, నాకు 26. కర్నూల్లో ఒక ప్రైవేటు బ్యాంకులో పని చేస్తున్నాను. మూడేళ్లుగా ఇమాటినిబ్ వాడుతున్నాను, పీసీఆర్ 0.01 లోపే ఉంది. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు ఉంటుంది. ఒళ్లంతా రంగు తేలింది. చూసినవాళ్లు పెళ్లి కళ వచ్చేసిందంటున్నారు, నాకేమో ఏడుపొస్తోంది. ఒక సంబంధం కుదిరేలా ఉంది. జబ్బు సంగతి ఇప్పుడు ఎత్తొద్దు, పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకుందాం అంటోంది అమ్మ. నాకు పిల్లలు పుడతారా?

తల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. నాకు జబ్బు బయటపడేసరికి పెళ్లయి, పిల్లలు హైస్కూలుకు వచ్చారు. నీ కష్టం నేను పడలేదు. కానీ మన దేశంలో ఈ జబ్బు ముప్పైల్లో, నలభైల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. కాబట్టి నీలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు.

చెప్పాలి. పెళ్లికి ముందే చెప్పాలి. తాంబూలాలు పుచ్చుకోకముందే చెప్పాలి. నీతి కోసమని అనడం లేదు, నీ ప్రాణం కోసం అంటున్నాను. కొత్త కాపురంలో రోజూ రాత్రి దాచిపెట్టిన మాత్ర ఎక్కడ వేసుకుంటావు? బాత్రూంలోనా? అత్తగారింట్లో పండగలకూ పబ్బాలకూ నెలల తరబడి ఉండాల్సొస్తే పరీక్షకు ఏం చెప్పి వెళ్తావు? దాచుకున్న మందు మొదట ఒక పూట తప్పుతుంది, తర్వాత వారం తప్పుతుంది. అన్నిటికంటే పెద్ద సంగతి గర్భం. ఇమాటినిబ్ వేసుకుంటూ గర్భం దాలిస్తే కడుపులో బిడ్డకు పుట్టుకతో లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. పెళ్లయిన మూడో నెల నుంచే విశేషమేమైనా ఉందా అని అడిగే మన ఇళ్లలో, భర్తకు తెలియకుండా ఆ జాగ్రత్త నువ్వొక్కదానివే ఎట్లా తీసుకుంటావు?

పిల్లలు పుడతారు. ఈ జబ్బు ఉన్న ఆడవాళ్లు ఎందరో బిడ్డల్ని కన్నారు. దానికి ఒక పద్ధతి ఉంది. పీసీఆర్ కొన్నేళ్లపాటు బాగా తక్కువలో నిలబడ్డాక, డాక్టరు చెప్పిన రోజున మందు ఆపి, ఆ తర్వాతే గర్భం కోసం చూస్తారు. తరచుగా పీసీఆర్ చేయిస్తూ ఉంటారు. జబ్బు మళ్లీ లేచి, మందు తప్పనిసరైతే గర్భంలో ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్ వాడే వీలుంది. కాన్పయ్యాక మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలంటే బిడ్డకు పాలివ్వకూడదు. ఇదంతా జరగాలంటే రక్త వ్యాధుల డాక్టరు, గైనకాలజిస్టు, నువ్వు, నీ భర్త నలుగురూ ఒక మాట మీద ఉండాలి. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త తప్పదు. మగవాళ్ల సంగతి వేరు. ఇమాటినిబ్ వాడుతున్న తండ్రులకు పుట్టిన పిల్లల్లో లోపాలు ప్రత్యేకంగా పెరిగినట్టు కనిపించలేదు.

ఎట్లా చెప్పాలంటావా? పెద్దల సభలో వద్దు. మీ ఇద్దరూ మాట్లాడుకుని, ఒకరికొకరు నచ్చారనిపించాక అబ్బాయికే నేరుగా చెప్పు. జబ్బు పేరు చెప్పు, మాత్ర చూపించు, రిపోర్టు చూపించు. మా డాక్టరు దగ్గరకు నాతో రా, ఏమడగాలన్నా అడుగు అను. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇట్లాగే చేసింది. మొదటి సంబంధం వాళ్లు మర్నాడే ఫోన్లు ఎత్తడం మానేశారు. ఆ పిల్ల చాలా ఏడ్చింది, ఎందుకు చెప్పానా అని కూడా అనుకుంది. తర్వాత వచ్చినతను ఆసుపత్రికి వచ్చి డాక్టరు గారిని అడగాల్సినవన్నీ అడిగి, ఇంట్లో వాళ్లకు తానే నచ్చజెప్పుకున్నాడు. అందరికీ అట్లాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ విని వెళ్లిపోయేవాడు, పెళ్లయ్యాక తెలిస్తే నిన్ను ఏం చేసేవాడో ఆలోచించుకో. మీ అమ్మను మాత్రం ఏమీ అనొద్దు. ఆమె భయం ఆమెది. ఈ జవాబు ఆమె చేత చదివించు.

కళ్ల ఉబ్బు ఈ మందుతో చాలామందికి ఉంటుంది. స్కూల్లో ఉన్నప్పుడు మొదటి పీరియడ్ దాకా నా కళ్లు సగమే తెరుచుకున్నట్టు ఉండేవి, హాజరుపట్టీలో అక్షరాలకు కింద నుంచి నీడ పడినట్టు కనబడేది. రాత్రిపూట ఊరగాయ, అప్పడం తగ్గించి, తలకింద ఇంకో దిండు వేసుకుంటే నాకు కొంత నయం. ఉబ్బు కాళ్లకు దిగినా, బరువు ఉన్నట్టుండి పెరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే చూపించుకో. రంగు తేలడం కూడా మందు వల్లే. చర్మానికి రంగునిచ్చే కణాలకు కావాల్సిన కిట్ అనే ప్రోటీన్‌ను కూడా ఇమాటినిబ్ అడ్డుకుంటుంది. ఎండకు ఆ చర్మం తొందరగా కమిలిపోతుంది, కర్నూలు ఎండలో గొడుగు లేకుండా బయటికి పోవద్దు.

ధర్మవరంలో మగ్గం నేస్తాను. మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. కేకలు వేస్తూ లేస్తున్నా. మందు మార్చమని అడగాలా?

అడగండి, కానీ మీ అంతట మీరు ఆపకండి. పిక్కలు, చేతివేళ్లు పట్టేయడం ఇమాటినిబ్‌తో బాగా తెలిసిన ఇబ్బందే. డాక్టరు రక్తంలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చూసి, తక్కువైతే మాత్రలిస్తారు. పట్టేసిన క్షణంలో కాలు చాపి, పాదం బొటనవేలు పట్టుకుని మోకాలి వైపుకు లాగండి, గుండె మీద రాయి దించినట్టు వదులుతుంది. మీది రోజంతా గుంతలో కాళ్లు పెట్టి తొక్కే పని. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, నీళ్లు ఎక్కువ తాగండి. చాలామందికి మొదటి ఏడాది తర్వాత ఇది తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే డాసటినిబ్, నిలోటినిబ్ లాంటి వేరే మందులున్నాయి. వాటి ఇబ్బందులు వాటికి ఉన్నాయి. డాసటినిబ్‌తో కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది, నిలోటినిబ్‌తో షుగరు, గుండె రక్తనాళాల సంగతి చూసుకుంటూ ఉండాలి. పిక్కల నొప్పి ఒక్కదానికే మందు మార్చాలా అన్నది ఇవన్నీ తూచి డాక్టరు తేలుస్తారు.

కడప నుంచి రాస్తున్నా. మా అమ్మీకి ఈ జబ్బు. రంజాన్‌లో ముప్పై రోజాలూ ఉంటానని పట్టుబడుతోంది. ఉండనివ్వచ్చా?

బాబూ, అమ్మీ వాడుతున్న మందు ఏదన్న దాని మీద ఉంటుంది. ఇమాటినిబ్ రోజుకు ఒకటే అయితే, ఇఫ్తార్ అయ్యాక కడుపునిండా తిన్న తర్వాత పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకునే వీలుంది. ఖాళీ కడుపుతో, ఖర్జూరం ఒక్కటి తిని వేసుకుంటే వాంతి అవ్వొచ్చు. నిలోటినిబ్ అయితే చిక్కే. అది రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. వేసుకునే ముందు రెండు గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. ఇఫ్తార్‌కూ సహరీకి మధ్య దాన్ని ఇమడ్చడం చాలా కష్టం. రంజాన్ రాకముందే డాక్టరును కలిసి వేళలు రాయించుకోండి. రోజాలో ఉండగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు విరమించాలి. జబ్బుతో ఉన్నవాళ్లకు రోజా నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాట నీ నోట కంటే మీ మసీదు ఇమాం గారి నోట వింటే అమ్మీకి మనసు కుదుటపడుతుంది.

గుంతకల్లులో ఆటో నడుపుతాను. నాన్నకు ఈ జబ్బు. బెంగళూరుకు తిరిగే ఖర్చులకే సరిపోతోంది. మందు జీవితాంతం కొనాలంటే ఎట్లా అక్కా?

నాయనా, ఈ మందు ధర సంగతి నాకు బాగా గుర్తు. దీన్ని మొదట తెచ్చిన నోవార్టిస్ కంపెనీవాళ్ల గ్లివెక్ నెలకు లక్షా ఇరవై వేలు ఉండేది. హైదరాబాదుకు చెందిన నాట్కో 2003లో వీనాట్ పేరుతో ఇదే మందు తెచ్చింది. మన దేశంలో తయారైన మందులు నెలకు ఎనిమిది నుంచి పది వేలకు వచ్చేవి. అదే అప్పుడు నా జీతంలో సగం. నాకు జబ్బు తెలిసిన 2006లోనే చెన్నై పేటెంట్ కార్యాలయం నోవార్టిస్ పేటెంట్ దరఖాస్తును, అంటే ఈ మందును ఇంకెవరూ చేయకుండా తమకే హక్కు ఇమ్మన్న కోరికను తోసిపుచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 2013 ఏప్రిల్ 1న పేటెంట్ ఇవ్వక్కర్లేదని తీర్పు వచ్చింది. మర్నాడు స్టాఫ్ రూములో పేపరు చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఆ తీర్పు ఇంకోలా వచ్చి ఉంటే మనలాంటివాళ్లం ఎంతమంది మిగిలేవాళ్లమో చెప్పలేను.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. నాన్న కార్డు, బయాప్సీ, పీసీఆర్ రిపోర్టులు తీసుకుని ఈ పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో, రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్రను కలువు. ఏ ఆసుపత్రిలో చేరితే మందు పథకం కింద వస్తుందో అక్కడ తేల్చుకో. బయట కొనాల్సి వస్తే ఒకే దుకాణంలో కాకుండా నాలుగు చోట్ల ధర అడుగు, జన్ ఔషధి దుకాణంలోనూ అడుగు. అట్టపైన ముద్రించిన ధరకూ అమ్మే ధరకూ చాలా తేడా ఉంటుంది. బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు.

మీది రైల్వే జంక్షనే కదా. చికిత్సకు, చెకప్‌కు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఛార్జీ పూర్తిగా మాఫీ. తోడు వెళ్లే ఒకరికి వాటిలో 75 శాతం రాయితీ. ఆసుపత్రిలో రైల్వే వాళ్ల ఫారం మీద డాక్టరు సంతకం, ముద్ర వేయించుకుని స్టేషన్ కౌంటర్లో ఇవ్వాలి, సెల్‌ఫోన్లో బుక్ చేస్తే ఈ రాయితీ రాదు. ఇన్నేళ్లుగా తిరుగుతూ ఈ సంగతి తెలియనివాళ్లు ప్రతిసారీ నాకు తగులుతూనే ఉన్నారు. వెళ్లినప్పుడే తిరుగు ప్రయాణానికీ, వచ్చేసారికీ ఫారాలు అడిగి తెచ్చుకో.

ఆదోని మాది. పీసీఆర్ పోయినసారి 0.06 ఉంది, ఈసారి 0.13 వచ్చింది. డాక్టరు మళ్లీ చేద్దామన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. జబ్బు తిరగబెట్టినట్టేనా?

రిపోర్టు వచ్చేదాకా అన్నం సయించకపోవడం నాకూ ఉంది, ఇన్నేళ్లయినా పోలేదు. కాబట్టి టెన్షన్ పడొద్దని నేను చెప్పను. లెక్క చెబుతాను. మందు మొదలుపెట్టాక మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలని చూస్తారు. మీది 0.1 గీత కొంచెం దాటింది. ఒక్క రిపోర్టును బట్టి మందు పని చేయడం లేదని ఎవరూ తేల్చరు. ఇంకోసారి చేసి, మళ్లీ పెరిగితే మందుకు లొంగని మార్పులేవైనా వచ్చాయా అని మ్యుటేషన్ పరీక్ష చేస్తారు. అప్పటికీ దారులున్నాయి. ఇమాటినిబ్, డాసటినిబ్, నిలోటినిబ్ మూడింటికీ లొంగని టీ315ఐ అనే మార్పుకు కూడా పొనాటినిబ్, అసిమినిబ్ ఉన్నాయి.

ఈలోపు రెండు చూసుకోండి. పోయిన మూడు నెలల్లో మాత్రలు ఎన్ని తప్పాయో గుర్తు తెచ్చుకుని డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. రెండోది, రెండు రిపోర్టులూ ఒకే ల్యాబువేనా, రెండింటి మీదా ఐఎస్, అంటే అంతర్జాతీయ కొలమానం అని ఉందా చూడండి. ల్యాబు మారితే అంకె మారుతుంది. రక్తం తీశాక ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేరకపోయినా పరీక్ష చెడిపోతుంది. ఇక్కడి నుంచి నగరానికి కొరియర్లో పంపిన నా శాంపిల్ ఒకసారి ఆదివారమంతా ఎక్కడో పడి ఉండి, పనికి రాదని కబురొచ్చింది. అప్పటి నుంచి సోమ, మంగళవారాల్లోనే రక్తం ఇస్తున్నాను.

నంద్యాలలో రిటైరైన ఉద్యోగిని. పదకొండేళ్లుగా ఇమాటినిబ్ వాడుతున్నాను. నాలుగేళ్లుగా పీసీఆర్ 0.01 లోపే. విదేశాల్లో కొందరు మందు పూర్తిగా మానేస్తున్నారని చదివాను. నేనూ మానొచ్చా?

సార్, మీరు అడిగింది పై ఉత్తరాల్లో ఆ రైతు సోదరుడు చేస్తున్నదానికి పూర్తిగా వేరు. మీరు చదివింది నిజమే. ఫ్రాన్స్‌లో స్టిమ్ అనే అధ్యయనంలో, రెండేళ్లకు పైగా జబ్బు ఆనవాలు పీసీఆర్‌కు అందని వందమందికి మందు ఆపి చూశారు. సుమారు నలభై మందికి జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది. మందు మళ్లీ మొదలుపెడితే వాళ్లకు మళ్లీ లొంగింది. ఆ తర్వాత చాలా దేశాల్లో ఇట్లా ఆపి చూశారు, దాదాపు సగం మందికి మందు లేకుండానే గడుస్తోంది.

మీ అంకెలు చూస్తే అడగడానికి మీకు హక్కుంది. కానీ ఆపడానికి మందు మానితే సరిపోదు. మొదటి ఆరు నెలలైనా నెలనెలా, ఆ తర్వాత కొంచెం ఎడంగా, నమ్మకమైన ల్యాబులో పీసీఆర్ చేయించాలి, రిపోర్టు త్వరగా చేతికి రావాలి. 0.1 దాటిందంటే ఆలస్యం చేయకుండా మాత్ర మొదలుపెట్టాలి. ఆ పరీక్షల ఖర్చు కొన్ని నెలలు మందు ఖర్చును మించిపోతుంది. నంద్యాల నుంచి నెలనెలా అది చేయించగలరా అన్నది ముందు తేల్చుకోండి. మందు ఆపాక కొందరికి కీళ్లు, కండరాలు కొన్ని నెలలు నొప్పులు పెడతాయి. దాన్ని చూసి జబ్బు వచ్చిందని కంగారు పడకండి. ఎప్పుడైనా జబ్బు ముదిరిన దశకు పోయి ఉన్నా, మందుకు లొంగక మార్చాల్సి వచ్చి ఉన్నా ఆపే ఆలోచన సాధారణంగా చేయరు.

నేను ఇంకా ఆపలేదు. నా పీసీఆర్ 0.01కు ఒకసారి కింద, ఒకసారి పైన ఉంటోంది, స్థిరంగా నిలవలేదు. అందుకే డాక్టరు గారు వద్దన్నారు, నేనూ ఒప్పుకున్నాను. మీరు వెళ్లేటప్పుడు మొదటి రోజు నుంచి ఉన్న రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టుకుని తీసుకెళ్లండి. నాలుగేళ్లలో ఎక్కడైనా ఒక్కసారి అంకె పైకి లేచి ఉంటే అది ఆయన కంట పడాలి.